డీ డ్రైవ్‌లో ఆడపిల్ల వాటా

మా చిన్నప్పుడు... ముందుగదిలో కంప్యూటర్ పెట్టిన రోజే దానికి పంపకాలు జరిగిపోయాయి. సీ డ్రైవ్ కంప్యూటర్‌కే కావాలట. డీ డ్రైవ్ అన్నయ్యది.

"మరి నాకు?" అంటే, "నీకెందుకమ్మాయ్, అన్నయ్యదాంట్లో ఓ మూల పెట్టుకో" అన్నారు నాన్న. మంచాయనే... పంపకమంటే ఆడపిల్ల పేరు గుర్తుకురాని కాలం, అంతే.

ఆ మూలలో నేను దాచుకున్నది నా గొంతు. భజన మందిరంలో పురాణం విని, ఇంటికొచ్చి చిన్న మైకు పెట్టుకుని నా మాటల్లో చెప్పి రికార్డు చేసేదాన్ని. ఇవాళ ఊరూరా పురాణం చెబుతున్న ఈ నోరు అక్కడే మొదలైంది. ఓ రోజు చూస్తే ఒక్కటీ లేదు!

"నా డ్రైవ్‌లో నీ గోలేంటే? అడ్డంగా ఉందని తీసేశా" అన్నాడు అన్నయ్య, జంతికలు నముల్తూ. సగం ఖాళీగా ఉన్న డ్రైవ్‌లో అడ్డమట!

నేను ఏడవలేదు. అయిదూళ్లు చాలంటే సూదిమొన మోపేంత నేల కూడా ఇవ్వనన్నవాడు ఏమయ్యాడో అప్పటికే విని ఉన్నాను.

కంప్యూటర్ మాసపత్రికతో వచ్చిన సీడీ ఒకటుండేది. ఒక డ్రైవ్‌ని కుదించి, మిగిలిన చోట ఇంకోటి చేసే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివాను. హెచ్చరిక ఒక్కటే... మధ్యలో ఆగితే అంతా పోతుంది. మాకేమో ఎండాకాలం కరెంటు... నూజివీడు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు!

మామిడి కోతలకి అందరూ తోటకెళ్లిన పూట, దణ్ణం పెట్టుకుని మొదలెట్టాను. తెర మీద పచ్చ గీత కదిలీ కదలనట్టు పాకుతోంది... బయట ఈదురుగాలి లేచింది. తోటలో వాళ్లకి కాయ రాలుతుందని భయం, నాకు కరెంటు పోతుందని భయం.

అంతలో గోనెసంచుల కోసం అన్నయ్య వచ్చాడు. తెర చూడగానే స్విచ్ మీదకి చెయ్యి చాపాడు. నేను స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"కట్టెయ్ చూద్దాం! నీదీ పోద్ది, నాదీ రాదు!"

అరిచాడు, తిట్టాడు... చివరికి నా పక్కనే కూలబడి, "ఒసేయ్, కరెంటు పోకూడదని మొక్కుకోవే! పెద్ద పురాణాలు చెప్తావుగా!" అన్నాడు.

మొక్కాను. కరెంటు నిలబడింది. వాడిది ఒక్క పాట కూడా పోలేదు. సీడీ పెట్టే 'ఈ' డ్రైవ్ కింద కొత్త అక్షరం వచ్చింది... ఎఫ్. నాది!

సాయంత్రం నాన్నకి ఫిర్యాదు. "చూడు నాన్నా, నాదాంట్లోంచి కోసేసుకుంది!"

నాన్న తలగుడ్డ విప్పుతూ నావైపు చూశారు. "అయితే గట్టు జరిపావన్నమాట. ఇవాళ ఇది... రేపు తోటలో కూడా అడుగుతావా ఏంటి?"

"అడుగుతాను నాన్నా."

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది... "అడగనీండి."

పెద్దయ్యాక అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఆడపిల్ల అడగడం అధర్మమని ఏ శాస్త్రంలో ఉందో తెచ్చి చూపించమనండి, పదిమందిలో నేనే చదివి వినిపిస్తా!

ఇప్పటి పిల్లలకి ఎవరి ఫోన్ వాళ్లది... కావాల్సినంత చోటు నోరు తెరవకుండానే దొరుకుతోంది. మంచిదే. కానీ ఇంట్లో అందరి ముందూ నిలబడి తీసుకున్నదాని రుచి వాళ్లకి ఎప్పటికైనా తెలుస్తుందా అని దిగులు...

మీరు అలా నిలబడి తీసుకున్నదేంటో కింద రాయండి. మీ అన్నయ్యలు చదువుతారేమోనని వెనకాడకండి.