మామ్మగారి చెల్లెలు

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను ఒమాన్ దేశంలోని సోహార్‌లో ఓ ఇటలీ ఇంజనీరు ఇంట్లో పనిచేశాను. ఆయన రేవు దగ్గర కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్తే, ఆయన ఎనభై ఏళ్ల తల్లిని చూసుకోవడం నా పని. ఆమెను మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఆమెకు తన భాష తప్ప మరొకటి రాదు, నాకు ఆ భాష రాదు. సైగలతోనే నెట్టుకొచ్చేవాళ్లం.

ఒకరోజు నేను బియ్యంలో వడ్లగింజలు ఏరుతుంటే ఆమె కూడా కూర్చుని ఏరింది. తర్వాత లేచి, నడుం వంచి, ఎడమచేతిలో ఏదో కట్ట పట్టుకున్నట్టు, కుడిచేత్తో నేలలో గుచ్చుతూ వెనక్కి అడుగులు వేసింది. అవి వరి ఊడుపులు! మాది గోదావరి జిల్లా. నేనూ ఆమె పక్కన వంగాను. వంటింటి గచ్చు మీద ఇద్దరం గోడ తగిలేదాకా వెనక్కి నడిచాం. ఆమె ఆయాసపడుతూనే నవ్వింది.

సాయంత్రం సారు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. ఇటలీ ఉత్తరాన వాళ్లది చిన్న ఊరట, చుట్టూ వరిచేలేనట. పెళ్లికి ముందు ఆమె ఆ చేలల్లో కూలికి వెళ్లేదట. పొరుగూళ్ల నుంచి వచ్చిన ఆడకూలీలంతా ఓ ఇటుకల కొట్టంలో గడ్డి పరుపుల మీద పడుకునేవారట.

కొన్నాళ్లకు ఆ ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. కొట్టాన్ని మ్యూజియం చేస్తున్నారు, ఆనాటి పాటలు పాడి పంపమని మామ్మగారిని అడిగారు. శుక్రవారం సారు కెమెరా పెట్టి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమె పాడలేదు. మెల్లగా ఏదో చెప్పసాగింది. సారు ముఖం పాలిపోయింది. మధ్యలోనే కెమెరా ఆపేశారు.

"అమ్మకు చెల్లెలు ఉండేదని నాకు ఇవాళే తెలిసింది," అన్నారు నాతో. "పద్నాలుగేళ్ల పిల్లట. ఆ కొట్టంలోనే జ్వరంతో పడుంటే, మేస్త్రి అమ్మను దగ్గర ఉండనివ్వలేదట. మధ్యాహ్నం చేలోంచి వచ్చేసరికే పోయిందట. ఆ పిల్ల పేరు మ్యూజియం గోడ మీద రాస్తేనే పాడతానంటోంది."

సారు ఆ మాటే రాసి పంపారు. ఆనాటి కాగితాల్లో లేని పేరు రాయలేమని జవాబు వచ్చింది. మామ్మగారు అన్నం సరిగా తినడం మానేసింది.

ఊళ్లో అత్తగారి దగ్గర ఉంటున్న మా అమ్మాయికీ పద్నాలుగేళ్లే. బడి మాన్పించి ఊడుపులకు తీసుకెళ్తున్నానని అంతకు ముందు వారమే మా అత్తగారు చెబితే, ఊఁ కొట్టాను. వెంటనే ఫోన్ చేశాను.

"పిల్లను చేలోకి పంపకండి అత్తయ్యా."

"నాలుగు రోజులు వంగితే అరిగిపోద్దేంటే? నువ్వొంగలేదా, నేనొంగలేదా?"

"జ్వరమొస్తే ఎవరు చూస్తారండీ?"

"నేను చచ్చాననుకున్నావా?" అని ఫోన్ పెట్టేసింది.

చివరికి మా తమ్ముణ్ని పంపి పిల్లను వాళ్లింటికి రప్పించాను. బడికి వెళ్లింది కానీ ఆ ఏడు పరీక్ష తప్పింది. అత్తగారు నాతో చాలాకాలం మాట్లాడలేదు.

వేసవిలో సారు తల్లిని మ్యూజియం ప్రారంభానికి తీసుకెళ్లి ఒక్కరే తిరిగొచ్చారు. ఆమె తన ఊళ్లోనే ఉండిపోయిందట.

"గుమ్మంలో నిలబడి చెల్లెల్ని పేరు పెట్టి గట్టిగా పిలిచింది," అన్నారు. "పాట మొదలుపెట్టిందనుకుని జనం చప్పట్లు కొట్టారు."

ఆ నెలలోనే నన్ను మస్కట్‌లో మరో ఇంటికి పంపారు. ఆ పేరు గోడ మీదకు ఎక్కిందో లేదో నాకు తెలియదు.