తమ్ముడి భుజానికి తగిన తూటా

పోయిన ఆదివారం మార్కమ్‌లో తమ్ముడి ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగగానే తుపాకీ నూనె వాసన ముక్కుకు తగిలింది. నాన్న కొన్న రైఫిల్‌ను అమ్మేద్దామని వాడు తుడుస్తున్నాడు. నలభయ్యేళ్ళ నాటి అసూయ అరనిమిషంలో పైకి తేలింది. ఈ వయసులో తమ్ముడి మీద అసూయేమిటని అడిగేవాళ్ళు ఎవరికీ అక్కలై ఉండరు.

నాన్న ఉత్తర ఒంటారియోలో ఒక కాగితం మిల్లులో కెమిస్టు. ఆ ఊళ్ళో తెలుగిల్లు మాదొక్కటే. అక్టోబరు వచ్చిందంటే తడిసి కుళ్ళే ఆకుల వాసన, మిల్లు పొగలోని ఉడికిన క్యాబేజీలాంటి వాసన, అమ్మ వేయించే ధనియాల వాసన కలిసి మా కోట్లకు పట్టేసేవి. పక్కింటి రెనే అంకుల్ వేటాడి తెచ్చిన జింకలో ఒక తొడ మాకు పంపితే, అమ్మ దాన్ని పెరుగులో నానబెట్టి, అల్లం దంచి వేసి క్రిస్మస్ పులావుకు కొంత ఫ్రీజర్‌లో దాచి, మిగిలింది నిమ్మరసం పిండి పచ్చడి పెట్టేది.

నాకు పద్నాలుగు, తమ్ముడికి పన్నెండు ఉన్నప్పుడు నాన్న తనూ ఒక రైఫిల్ కొంటానన్నాడు. గొట్టం మడిచి ఒకే ఒక్క తూటా పెట్టే రకం. ఒక్కటే ఉంటే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాలుస్తాడని ఆయన వాదన. ఇక ఏ కాలిబర్, అంటే ఎంత లావు తూటా పట్టేది కొనాలన్న దాని మీద మా భోజనాల బల్ల దగ్గర నెలరోజులు చర్చ నడిచింది.

"పెద్దదైతే మాంసం చితికిపోదుటండీ? పచ్చడికి ముక్క నిలవాలి కదా," అనేది అమ్మ.

"చిన్నదైతే దెబ్బతిని పారిపోతుందే," అనేవాడు నాన్న.

నేను రెనే అంకుల్ దగ్గర క్యాటలాగ్ తెచ్చుకుని బట్టీపట్టాను. టూ ఫార్టీ త్రీ సన్నది, భుజాన్ని మెల్లగా తంతుంది. త్రీ ఓ ఎయిట్ లావుది, గట్టిగా తంతుంది. నా ఓటు లావుదానికే. తమ్ముడు ఆ నెలంతా కెచప్ సీసా లేబుల్ గోళ్ళతో గీకుతూ కూర్చున్నాడు.

చివరికి రెనే అంకుల్ తన రెండు రైఫిళ్ళూ పట్టుకుని మమ్మల్ని ఊరిబయట కంకర గుంటకు తీసుకెళ్ళాడు. నేను త్రీ ఓ ఎయిట్ కాల్చాను. గురికి పెట్టిన రేకు డబ్బా ఎగిరిపడింది, భుజం మీద గేదె తన్నినట్టయింది.

"నొప్పెట్టిందామ్మా?" అన్నాడు నాన్న.

"ఏం లేదు."

తమ్ముడు సన్నదానితో కాల్చి, డబ్బాను వదిలేసి కంకరను కొట్టి, ఏడ్చాడు.

"టూ ఫార్టీ త్రీ చాలు. వీడి భుజం తట్టుకుంటుంది," అన్నాడు నాన్న.

"మరి నా భుజమో?"

"నీకేం తల్లీ, నువ్వు దేన్నైనా తట్టుకుంటావు."

ఏడ్చినవాడికి రైఫిలు, ఏడవనిదానికి మెచ్చుకోలు. నీలంగా కమిలిన భుజాన్ని రెండు వారాలు స్వెటర్ కింద దాచుకున్నాను. ఆ తర్వాత వాడు కాలేజీకి వెళ్ళేదాకా ప్రతి శరత్తులోనూ శనివారం పూట వాళ్ళిద్దరూ వేటగాళ్ళు పెట్టుకునే నారింజ రంగు టోపీలు పెట్టుకుని, ఫ్లాస్కులో టీ, బ్రెడ్డూ ఆమ్లెట్టూ పట్టుకుని అడవికి వెళ్ళేవాళ్ళు, నేను ఉల్లిపాయలు తరిగేదాన్ని. జింకలు కనబడలేదంటూ ఉత్తచేతులతో తిరిగొచ్చేవాళ్ళు.

"అది నా చేతికిచ్చి ఉంటే ఏటా ఫ్రీజర్ నిండేదిరా," అన్నాను మొన్న, బేస్‌మెంట్‌లో.

తమ్ముడు నవ్వాడు. "మేమసలు లోడ్ చేసేవాళ్ళమే కాదక్కా. నాకా సౌండ్ పడదని నాన్నకు ఫస్ట్ డేనే తెలిసిపోయింది. చెట్టుకింద కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆయనే ఏవో చెప్తుండేవాడు. తాతయ్య గురించి, ఇక్కడికొచ్చిన కొత్తల్లో మిల్లులో పడ్డ మాటల గురించి."

ఇంట్లో ఉప్పు అందించమనడానికో, ఆ తుపాకీ చర్చకో తప్ప నోరు విప్పని మా నాన్న.

"ఏం మాటలు పడ్డాడటరా?"

"ఏమో అక్కా, హానెస్ట్‌గా గుర్తులేదు. చిన్నపిల్లాణ్ణి కదా."

ఆ మిల్లు మూసేశారు. కంకర గుంటలో నీళ్ళు నిండితే చుట్టూ కంచె కట్టారు. రెనే అంకుల్ లేడు, నాన్నా లేడు. తుపాకీ సంగతి వదిలేశాను, ఎవరికి అమ్ముకుంటాడో అమ్ముకోనీ. ఆ చెట్టుకింద నేను కూర్చుని ఉంటే నాన్న చెప్పినవాటిలో ఒక్క మాట కూడా పోనిచ్చేదాన్ని కాదు.