హాల్లో తాబేలు తొట్టి

మా ఇంట్లో చెమ్మ ఎక్కణ్ణుంచి పుడుతోందో కనిపెట్టింది నేనే. ఈ మాట మా ఆయన ముందు కూడా ఇలాగే అంటాను. ఆయన 'ఆయ్, నువ్వే' అంటారు. ఇప్పుడంటారు లెండి, అప్పుడు అనలేదు.

మాది రాజోలు దగ్గర. రొయ్యల చెరువులున్నాయి. మేత కొనడానికి కాకినాడ వెళ్లిన మా ఆయన ఒకసారి మేతతోపాటు, కళ్ల వెనక ఎర్రచార ఉన్న తాబేలుపిల్లని కూడా పట్టుకొచ్చేరు. అది పళ్లెమంత అయ్యాక హాల్లో ఓ మూల ఇటుకలతో తొట్టి కట్టించి, టైల్స్ వేయించి, వెచ్చదనానికి పైన బల్బు వేలాడదీసేరు. అందరికంటే దాన్ని ముద్దు చేసింది మా అత్తగారు. తొట్టి పక్కనే మంచం వేయించుకుని, "సాక్షాత్తూ కూర్మావతారం ఇంటికొచ్చింది" అంటూ దానికి తోటకూర అందించేవారు.

తొట్టి కట్టిన ఆ వానాకాలం నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అప్పడాలు మెత్తబడిపోయేవి, ఉప్పు జాడీలో నీరూరేది, బీరువా తీస్తే పట్టుచీరలు ముక్కిపోయిన వాసన. అత్తగారికి ముందునుంచీ ఉన్న ఆయాసం ఎక్కువైపోయింది. పడుకుంటే ఊపిరాడక, వీపుకి రెండు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునికేవారు. ఇంట్లో చెమ్మ తగ్గించి తీరాలని డాక్టరుగారు గట్టిగా చెప్పేరు.

"తాబేల్ని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన.

"నా కోసం దాన్ని గడప దాటించేరంటే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అన్నారు అత్తగారు, మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. "ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇద్దరూ ఇక్కడే ఉంటారు. నాకొదిలేయండి" అన్నాను.

తొట్టిలో నీళ్లు రోజూ తగ్గిపోయేవి. చెరువు నీరు తగ్గితే గట్టుకి బొరియ పడిందనుకోవడం మా ఆయనకి అలవాటు. అందుకని టైల్స్ సందుల్లో సిమెంటు పూయడం, మళ్లీ నీళ్లు నింపడం.

"కారితే నేల తడవాలి కదండీ? గోడెందుకు తడుస్తోంది?" అన్నాను. ఆయన ఇంకో సందుకి సిమెంటు కలుపుకుంటున్నారు.

పీట వేసుకుని తొట్టి ముందు కూర్చున్నాను. మధ్యలో నీళ్లలోకి గాలి కలిపే చిన్న ఏరేటర్, గలగలమని నీళ్లు పైకి చిమ్ముతూ హాలంతా తుంపర్లు రేపుతోంది. రొయ్యల రైతు కదా, ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి చెరువంతా చచ్చి తేలుతుందన్న భయం ఆయనకి నరనరానా ఉంది. ఇంతలో తాబేలు తల పైకెత్తి, ముక్కు బయటపెట్టి, హాయిగా గాలి పీల్చుకుంది.

"ఏవండీ! ఇదేమైనా రొయ్యా? మనలాగే ముక్కుతో పీలుస్తోంది చూడండి. దీనికెందుకండీ ఏరేటరు?"

ఆయన చూసేరు. రోజూ కనిపించేదే, చూడ్డం మాత్రం అప్పుడే.

ఏరేటర్ తీయించేసేను. నీళ్లు శుభ్రం చేసే ఫిల్టరు ఉంచి, దాని గొట్టం చప్పుడు లేకుండా నీళ్ల లోపలికి దించేను. నీళ్లని వేడెక్కిస్తున్న బల్బుని, తాబేలు ఎక్కి కూర్చునే రాయి వైపు తిప్పేను. కిటికీలు తీద్దామన్నారాయన. బయటే అంత చెమ్మ ఉంటే తీసి ఏం లాభం? తర్వాత మూత. ముందు ఆయన తాటాకు తడిక వేసేరు, నాలుగు రోజులకే బూజుపట్టి కంపు కొట్టింది. నేనే అమలాపురం వెళ్లి దళసరి ప్లాస్టిక్ షీటు కోయించి తెచ్చి, రాయి ఉన్న వైపు గాలికీ వేడికీ వదిలేసి, మిగతా నీళ్లన్నీ కప్పేసేను. మర్నాడు చూద్దును కదా, షీటు అడుగున బారులు బారులుగా నీటిబొట్లు! గదిలోకి రావలసిన చెమ్మ అక్కడే ఆగి, మళ్లీ తొట్టిలోకే జారుతోంది. చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టేను కూడా.

తొట్టిలో నీళ్లు పోసే పని తగ్గింది. జాడీలో ఉప్పు పొడిగా రాలింది. అత్తగారిని మాత్రం ఎలా ఉందని అడగడానికి భయమేసేది. ఇంత నోరున్నదాన్ని, ఆవిడ దిండ్లు సర్దేసి వంటింట్లోకి వచ్చేసేదాన్ని.

ఓ మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని హాల్లోకొస్తే, రెండు దిండ్లూ కింద పడి ఉన్నాయి. పరుగున వెళ్లి చూస్తే, ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక చెయ్యి తొట్టి అంచు మీద వేసి, చక్కగా గురక పెడుతున్నారు.

మా ఆయన గుమ్మంలోంచి ఏదో అనబోయేరు. నోరెత్తొద్దని సైగ చేసేను. కళ్లు తుడుచుకుని, ఆ దిండ్లు రెండూ తీసుకెళ్లి అటక మీద పడేసేను.