కంభం దాటాక మొదలైన చప్పుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా బడి పిల్లలకు ఇంకా బాగా తెలుసు. గిద్దలూరు దగ్గర హైస్కూల్లో సైన్స్ చెబుతాను. కోపం పెద్ద తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. "నాది పైకి అనేసే రకం, లోపల ఏమీ పెట్టుకోను" అని గొప్పగా చెప్పుకు తిరిగేదాన్ని. ఈ ఎండాకాలం మా అత్తను మార్కాపురం కంటి ఆసుపత్రికి తీసుకుపోయినప్పటి నుంచి ఆ మాట అనడం మానేశాను.

మా అత్తకు రెండు కళ్ళలోనూ పొరలు వచ్చాయి. పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ గొర్రెల మందతోనే బతికిన మనిషి. ఎండకూ వానకూ భయపడదు గానీ, ఆపరేషన్ అంటే వణుకు. మా ఆయన చెప్పి చూశాడు, ఆడబిడ్డ వచ్చి ఏడ్చి చూసింది, అత్త ససేమిరా అంది. ఇంతలో నేను కారు నేర్చుకున్నాను. ఒకరోజు బడి నుంచి తోలుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపితే, ఆమె తడుముకుంటూ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది.

"నువ్వు తోలుకపోతే పోతా," అంది. "నా కంటికి కత్తి పెట్టేటప్పుడు నువ్వు ఆ వాకిలికాడనే నిలబడాల. ఇంగెవురూ వద్దు."

"నేనేడికి పోతా అత్తా, ఆడనే ఉంటా," అన్నాను. సొంత కొడుకునూ కూతుర్నీ కాదని నన్ను అడిగిందే అని ఆ రోజంతా నా కాలు నేల మీద నిలవలేదు.

బయలుదేరిన పొద్దున ఆమె నా పక్క సీట్లో కూర్చుంది. అంతకుముందే మా ఆయన జాగ్రత్తలు చెప్పబోతే కసిరాను. అత్త మాత్రం మంచి హుషారుగా ఉంది. రోడ్డు మసక మసకగా కనబడుతున్నా, మలుపు తిరిగితే చాలు, "ఈడేనా ఆ వంక? మీ మామ మందను ఈడికే తోలుకొచ్చేవాడు, ఒకతూరి మందలో నక్క పడింది," అంటూ కబుర్లు చెబుతూనే ఉంది. నేను నవ్వుతూ తోలుతున్నాను. కంభం దాటాక ఒక ఊరి ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బ్రేకు వేశాను. వెనక నుంచి టక్, టక్, టక్ మని చప్పుడు.

సైన్స్ టీచర్ని కదా, పద్ధతిగా కనిపెడదామనుకున్నాను. ఏసీ ఆపాను. గేరు తీసేసి బండిని దానంతట దాన్ని పోనిచ్చాను. చప్పుడు ఆగలేదు. అంటే ఇంజన్ కాదు, చక్రాలే. నా వైపు అద్దం దించితే సన్నగా వినిపించింది. అత్త వెనకాల అద్దం దించితే గట్టిగా వినిపించింది. అంటే ఎడమవైపు వెనక చక్రం. స్పీడు పెంచితే చప్పుడు మాయం. తగ్గిస్తే మళ్ళీ టక్, టక్. మొన్ననే మా ఆయన ఆ చక్రం విప్పి స్టెప్నీ మార్చాడు. నట్లు సరిగ్గా బిగించి ఉండడు! ఇంకేముంది, చక్రం ఊడి మేమిద్దరం కాలవలో పడ్డట్టే నా కళ్ళకు కట్టింది.

"చప్పుడు వినపడుతుందా అత్తా?"

"నాకేం వినపడలేదే," అంది ఆమె. సీట్లో సర్దుకుని కూర్చుంటూ, "ఏం కాదులే, పో నువ్వు," అంది.

"కండ్లంటే సరే, చెవులు కూడా పోయినాయా నీకు?" అన్నాను.

అంతసేపూ ఆగకుండా మాట్లాడిన మనిషి టక్కున నోరు మూసుకుంది. నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా చక్రం మీదే ఉంది.

నెమ్మదిగా పాకించుకుంటూ బేస్తవారిపేటలో బస్సులాగే చోట పంక్చర్ షాపు ముందు ఆపాను. పక్కనే టీ బంకు. బస్సు కోసం చూసేవాళ్ళు, టీ తాగేవాళ్ళు చాలామందే ఉన్నారు. షాపతను స్పానర్ వేసి చూసి, "నట్లు టైటుగానే ఉండాయక్కా," అన్నాడు. "కాదు, మళ్ళీ చూడు, చప్పుడు ఆ చక్రంలోనే," అని గట్టిగా దబాయించాను. నేను కనిపెట్టింది తప్పు కాకూడదని నా పట్టుదల. అతను జాకీ పెట్టి చక్రాన్ని లేపి చేత్తో తిప్పాడు. టక్ మంది. "చూసినావా!" అన్నాను. అతను చక్రం లోపలివైపు చెయ్యి పెట్టి తడిమి, దేన్నో పట్టుకుని బయటికి లాగాడు.

నల్ల ఉన్నితో పేనిన తాడు. దాని చివర ఒక గవ్వ, ఇంకొక చిన్న ఇనుప గజ్జె. రిమ్ము కన్నంలోంచి దూర్చి లోపలివైపు ముడి వేసి ఉంది. ముడి జారి, చక్రం తిరిగినప్పుడల్లా గవ్వా గజ్జే లోపల ఇనుముకు కొట్టుకుంటున్నాయి.

"ఇదేందక్కా, గొర్రెపిల్ల కాలికి కట్టినట్టు కారు కాలికి కట్టినారే!" అన్నాడు అతను, తాడు పైకెత్తి అందరికీ చూపిస్తూ. టీ తాగేవాళ్ళంతా గొల్లుమన్నారు. "మన టీచరమ్మ బండేనా అది?" అని ఎవరో అడగడం కూడా నా చెవిన పడింది.

తల కొట్టేసినట్టయింది నాకు. సిగ్గుపడితే కొందరికి ఏడుపు వస్తుంది, కొందరు తల వంచుకుంటారు. నాకు కోపం వస్తుంది. కట్టింది ఎవరో అడగక్కర్లేదు. మా ఇంట్లో కొత్త గొర్రె మందలోకి వస్తే, పొట్టేలుపిల్ల కాస్త ముద్దుగా పెరిగితే, దిష్టి తగలకుండా కాలికి అలాంటి తాడు కట్టేది మా అత్తే. విసురుగా పోయి ఆమె వైపు తలుపు తీశాను.

"ఇది నువ్వేనా కట్టింది?"

ఆమె సీటు అంచు తడుముకుంటూ దిగబోయింది.

"ఇదేమన్నా గొర్రె అనుకున్నావా, మేక అనుకున్నావా? ఈడ చక్రం ఊడిపోతాదని నా పైప్రాణాలు పైనే పోయినాయి. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినావు గదా! రేపు ఆ డాక్టర్ కాలికి కూడా కడతావా తాడు?"

జనం ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నా మీద కాదు, నా మాట మీద వచ్చింది. అంతమందిలో ఆ నవ్వు నా మీద నుంచి ఆమె మీదికి పోయినందుకు నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఛీ, ఇది రాస్తుంటే నా ముఖం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

"ఏం చేయాలక్కా దీన్ని?" అన్నాడు షాపతను.

"అవతల పారెయ్," అన్నాను. అతను పాత ట్యూబుల కుప్ప మీదికి విసిరేశాడు.

అత్త కారు దిగింది. నన్ను చూడలేదు. చూసినా ఆమెకు నా ముఖం సరిగ్గా కనబడేది కాదు. "బండికి గాదమ్మా కట్టింది," అంది, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. "తోలేదానివి నువ్వు. ఊళ్ళో అందురి కండ్లూ నీ మీదనే ఉండాయని కట్టినా. అగుపడక ముడి సరింగ పడలేదు."

అలా అని, తలుపులు తడుముకుంటూ పోయి వెనక సీట్లో కూర్చుంది.

అక్కడే కాళ్ళు పట్టుకుని తప్పయిందనాల్సింది. చుట్టూ అంతమంది చూస్తుంటే ఎలా అనేది అనుకున్నాను. తిట్టేటప్పుడు ఆ జనం నాకు అడ్డం రాలేదు మరి! "ముందుకు రా అత్తా," అన్నాను. "ఈడ బాగనే ఉంది," అంది. దారిలో నీళ్ళు కావాలా అంటే వద్దంది. ఆకలవుతోందా అంటే లేదంది. మధ్యలో ఒకసారి అద్దంలో చూశాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి ఉంది. బండి మెత్తగా పోతోంది. ఆసుపత్రికి పోయాక పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పుకుందాంలే, ఆమె మనసు వెన్న, కరిగిపోతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆసుపత్రిలో చుక్కల మందు వేసి కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. "అత్తా," అని నేను మొదలుపెట్టేలోపే నర్సు వచ్చింది.

"అవ్వా, లోపలికి పోదాం పా. మీవాళ్ళలో ఒకరు ఆపరేషన్ గది వాకిలి దాకా రావచ్చు. ఎవరొచ్చినారు నీతో?"

"మావోళ్ళు ఎవురూ రాలేదు తల్లీ," అంది అత్త.

నర్సు నన్ను చూసింది. "మరి ఈమె?"

"ఆమె కారు తోలే ఆమె. పాపం, శానా దూరం తోలుకొచ్చింది."

కోడల్ని అని ఒక్క మాట అంటే సరిపోయేది. అత్త నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, గాల్లో వెతుక్కుని, నర్సు చెయ్యి పట్టుకుంది.

"డ్రైవర్లు కింద కూర్చోవాలమ్మా," అంది నర్సు.

నేను కిందికి దిగాను.