వఫ్రాలో మట్టిగోడల ఇల్లు

కువైట్‌లో దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రా. ఎడారిలో బోర్లు వేసి పండించే తోటలు అక్కడ. ఒక తోటలో నేనూ నా మొగుడూ ఆరేండ్లు పనిచేసినాం. ఆయనది తోటపని, నాది ఇంటిపని. ఇంట్లో ఉండేది ఒక్క ముసలామె. అక్కడ అమ్మను పిలిచినట్టు మేం ఆమెను మామా అని పిలిచేవాళ్లం. కొడుకు పట్నం పక్క జాబ్రియాలో మేడ కట్టుకుని, రమ్మని ఎంత బతిమాలినా ఆమె పోయేది కాదు. "ఇది మీ నాయన కట్టిన ఇల్లు" అనేది.

మూరెడు మందం మట్టిగోడలు, పైన ఖర్జూరపు మొద్దుల దూలాలు. బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగా ఉండేది. అచ్చం మా కడప పక్క మట్టిమిద్దె మాదిరే. అందుకే వచ్చిన మొదటిరోజే నాకు ప్రాణం కుదుటపడింది. నీళ్లతొట్టి పక్కన నేను గోంగూర విత్తనాలు చల్లితే, మామా మొదటిసారి తిని మొహం చిట్లించుకునింది. తర్వాత ప్రతి శుక్రవారం తానే అడిగి చేయించుకునేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిందని రేడియోలో విన్నాం. పదిరోజులకు మా తోటలోకి లారీలు వచ్చినాయి. సైనికులు తలుపు తోసుకుని లోపలికి రాబోతుంటే మామా గడపకు అడ్డం నిలబడింది.

"బూట్లు ఇప్పండి. ఇది నేను నమాజు చేసుకునే ఇల్లు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, బూట్లు ఇప్పి లోపలికి పోయినారు. మూడోరోజుకు ఎవరూ ఇప్పడం లేదు. మమ్మల్ని కోళ్లషెడ్డులోకి పొమ్మన్నారు. రోజంతా ఇంట్లోనుంచి గడ్డపారల చప్పుడు వినిపించేది.

వారానికి కొడుకు ఎట్లనో కారు వేసుకుని వచ్చినాడు. "యల్లా, పదండి, ఇంక ఒక్క గంట కూడా వద్దు" అన్నాడు. బూట్లతో తొక్కిన గది అట్లే వదిలి రానని మామా కదల్లేదు. సైనికులను అడిగి నేను లోపలికి పోయి, ఆమె పడకగది ఒక్కటీ ఊడ్చి, దుప్పటి మడిచిపెట్టి వచ్చినా. అప్పుడు లేచి కారెక్కింది.

జాబ్రియాలో కొన్నాళ్లుండి, నేనూ నా మొగుడూ బస్సుల్లో బాగ్దాదు మీదుగా జోర్డాన్‌కు, అక్కడినుంచి విమానంలో బొంబాయికి చేరినాం. యుద్ధం అయిపోయినాక కొడుకు మళ్లీ వీసా పంపినాడు. మామా ఎవరు వండినా తినడం లేదంట.

మేం తిరిగి పోయిన నెలకు మామానూ మమ్మల్నీ వఫ్రాకు తీసకపోయినాడు. దారంతా, మందుపాతరలున్న చోటల్లా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు. ఇల్లు నిలబడే ఉంది! తలుపులు లేవు, అంతే. నేను సంతోషంగా మామా చేయి పట్టుకున్నా. ఇంతలో మందుపాతరలు తీసే అధికారి వచ్చి కొడుకుతో మాట్లాడినాడు. హాలు కింద తవ్వి ఫిరంగి గుండ్లు పూడ్చిపెట్టినారు, గోడల్లోకి వైర్లు లాగినారు, తీయబోతే మనుషులు పోతారు, ఇంటితోపాటే పేల్చేయాలి అన్నాడు.

కొడుకు ఆ మాట తల్లికి చెప్పలేక నేలచూపు చూసినాడు. ఆమెకే అర్థమయింది.

"ఒక్కసారి లోపలికి పోయొస్తా."

"వద్దమ్మా, పోనీరు."

మామా నా వైపు తిరిగింది. "ఆరోజు నా గది ఊడ్చినావు కదా. బాగా ఊడ్చినావా?"

"మూలమూలలా ఊడ్చినా మామా."

"అయితే ఖలాస్" అని, అధికారి చాచిన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది.

మమ్మల్ని దూరంగా రోడ్డు మీద నిలబెట్టినారు. చప్పుడుకు ముందు ఇల్లు కొంచెం పైకి లేచినట్టు కనిపించింది. తర్వాత దుమ్మే దుమ్ము. నా మొగుడు పైగుడ్డతో మొహం కప్పుకుని ఏడ్చినాడు. మామా ఏడవలేదు. ఇంటికి పోదామని ఆమే ముందు కారెక్కింది.

ఆ తర్వాత ఆమె జాబ్రియాలో మూడేండ్లు బతికింది. నా చేతి అన్నమే తినింది.

తోటను మళ్లీ బాగుచేసినారు. రాళ్లూ రప్పలూ ఎత్తేసి, నేల అంతా సాఫుచేసి, కీరకాయలు వేసినారు. నా మొగుడు ట్రాక్టరు తోలేవాడు. ఒక జాగాకు వచ్చేసరికి మాత్రం పక్కకు తిప్పుకుని పోయేవాడు.

"ఇంకా బాంబులున్నాయని భయమా యో?" అని అడిగినా.

"భయమేముంది? పడకగది మీద తోలమంటావా?" అన్నాడు.