అత్తకు అంటని జబ్బు

పక్క క్వార్టర్ అత్త మంగళవారం పొద్దున పోయింది. గుండె ఆగిందన్నారు. చూడ్డానికొచ్చిన ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, చివరికి ఆ జబ్బేనా అని అడిగింది. కాదన్నాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాటే. ఇంక చెప్పే ఓపిక నాకూ లేదు.

అత్త భర్త ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయనకు హెచ్ఐవి ఉందని బయటపడేసరికి వాళ్లకు పెళ్లయి పదకొండేళ్లు. రెండేళ్లు మంచాన ఉండి పోయాడు. అత్తకు ఎన్నిసార్లు పరీక్ష చేసినా ఏమీ లేదనే వచ్చింది. ఏ కొద్దిమందికో అలా అంటదని, ఎందుకో ఇంకా వెతుకుతున్నారని డాక్టరు చెప్పాడు.

మా క్వార్టర్ల లైనులో అది వినేదెవరు? సగం మంది రిపోర్టే అబద్ధమన్నారు. పంపు దగ్గర ఆమె బిందె పక్కన బిందె పెట్టేవారు కాదు. రిపోర్టు నమ్మినవాళ్లు ఇంకా నయం అనుకుంటే పొరపాటు. సరిగ్గా కాపురం చేసుంటే అంటకపోతుందా, దగ్గరికి రానివ్వలేదు గనకే వాడు బయట తిరిగాడు అని ఆమె అత్తగారే తేల్చేసింది. జబ్బు రాకపోవడమే నేరమైంది.

నేనేం తక్కువ తిన్నాను? కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, ఆమె టీ తాగిన గ్లాసు విడిగా బోర్లించేదాన్ని. చూసింది. మర్నాటి నుంచి తన గ్లాసు తనే తెచ్చుకుంది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

తర్వాత్తర్వాత సాయంత్రాలు మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి నాకూ పెట్టేది. ఆమె తరఫున ఎవరితోనైనా తగువుకు దిగితే ఆపేది. "నోరు నొప్పెట్టి ఆళ్లే మానేస్తారమ్మీ. నీకెందుకు ఆయాసం?" అనేది. వాళ్లు మానలేదు.

మూడేళ్ల కిందట పరిశోధనకు రక్తం ఇస్తారా అని ఆస్పత్రి నుంచి అడిగారు. టోటో, అదే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకుని ఇద్దరం వెళ్లాం. కాగితాలు నింపే బెంగాలీ అమ్మాయి, భర్తతో ఎన్నాళ్లు కాపురం చేశారని అడిగింది. ఇక్కడా అదే నింద మొదలైందనుకున్నాను. అత్త హిందీలో నెమ్మదిగా, ఆయన మంచాన పడేదాకా అని, ఆ తర్వాత కూడా ఆయన పక్కనే పడుకున్నానని చెప్పింది. ఆ అమ్మాయి తలూపి రాసుకుని, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

రక్తం తీశాక వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"నా మాట రాసుకుందమ్మీ," అంది అత్త. "మళ్లీ అడగనేదు."

రక్తం ఎప్పుడో ఆగింది. టోటో అతను రెండుసార్లు పిలిచాడు. అత్త మాత్రం మోచేతి మడతలో దూది అదిమిపట్టుకుని, లేవకుండా అలాగే కూర్చుంది.