రిలీవరు రాని కుక్క

ఆయన్ని తల్చుకుంటే నాకిప్పటికీ కోపమే. ఉక్కునగరంలో మా పక్క క్వార్టర్లో ఉండే క్రేన్ ఆపరేటరు. పాల బూత్ దగ్గర ఎదురైనా సరే, "రిలీవరొచ్చాడా బావా?" అనే పలకరించేవాడు. క్రేన్ క్యాబిన్లోకి ఎక్కినవాడు, తన బదులు మనిషి వచ్చేదాకా ఒంటేలుకి కూడా దిగలేడట. ఆ గోల మాకెందుకని విసుక్కునేవాణ్ని.

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిన నెలలోనే మా కుక్క హాల్లో ఉచ్చ పోయడం మొదలెట్టింది. ఆరేళ్లుగా ఇంట్లో చుక్క పొయ్యని కుక్క. పొగరనుకున్నాను. ఓ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మళ్లీ మడుగు. మెడ పట్టుకుని దాని మూతి అందులో రుద్దుతుంటే ఆయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏటి సేత్తన్నావ్?"

"నేర్పిందంతా మర్సిపోయింది బావా."

"మర్సిపోనేదు. ఆపుకుని ఆపుకుని పోసీసింది. పొద్దున్న ఏడింటికి తాళమేసి, ఆరింటికి తీసావ్. మజ్జాన్నం పాప బయట తిప్పేది. ఇప్పుడు దానికి రిలీవరెవడు?"

నాకు ఒళ్లు మండింది. నా ఇంటికొచ్చి నాకే చెప్తాడా?

"అయితే నువ్వే తిప్పుకో" అన్నాను.

"తాళం తే. ఈ వారం నాది పొద్దుటి షిఫ్టు. రెండున్నరకల్లా వచ్చేత్తాను. పై వారం సంగతి నువ్వు సూసుకో."

తాళంచెవి విసిరాను. తీసుకుని, మూలనున్న గుడ్డ నా చేతిలో పెట్టాడు.

"ముందిది తుడు."

తుడవడానికి వంగాను. నా కుక్క, నా ఇంట్లో, నేను కొడతాననుకుని ఆయన కాళ్ల వెనక్కి దూరింది.